రెండంగుళాలు పెంచితే పోయిన నెమలి

పెళ్లికూతుళ్ల జాకెట్ల మీద మగ్గం వర్కుకు డిజైన్లు గీయడంలో దిల్‌సుఖ్‌నగర్‌లో లచ్చయ్యకు మంచి పేరు. ట్రేసింగ్ పేపరు మీద వంగి వంగి ఆయన నడుం పోయిందని, చైతన్యపురిలో వెబ్ కోర్సు చేసిన కూతురు గీత ఆయన కోసం ఒక వెబ్ పేజీ తయారుచేసింది. ట్యాబ్‌లో తెరిస్తే తెల్లటి కాన్వాస్ వస్తుంది. వేలితో గీసుకోవచ్చు, తప్పయితే రుద్దేయొచ్చు.

పాత గిరాకీ అంతా ఎల్‌బీ నగర్‌లోని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపులకే పోతోంది. మిగిలిన పెద్ద పని సూర్యప్రభ గారింటి పెళ్లి. సాయంత్రం ఆవిడ వచ్చి నెమలి డిజైన్ చూస్తారు. నచ్చకపోతే లచ్చయ్య మగ్గం విప్పేయాల్సిందే.

మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేశారు. "మా అమ్మాయి కాస్త ఒళ్లు చేసిందమ్మా. వీపు రెండంగుళాలు పెంచమని మీ నాన్నగారికి చెప్పు."

మగ్గం పనిలో కొలత చివర్లోనే సర్దుతారు. కాగితం అంచుకు పట్టీ అతికిస్తే చాలు, బొమ్మ చెక్కుచెదరదు. అందుకే తండ్రి మాట విని గీత పేజీలోనూ వెడల్పు మార్చే పెట్టె పెట్టింది. కాన్వాస్ ఏమన్నా కాగితమా? వెడల్పు మార్చామా, ఉన్నదంతా తుడిచేసి ఖాళీది చేతిలో పెడుతుంది. అంత చదివిన పిల్ల ఆ ఒక్క ముక్కా పరీక్షించి చూసుకోలేదు.

కొత్త అంకె కొట్టింది. నెమలి మాయమైంది.

గీత పేజీ అంతా వెతికింది. దాచిన కాపీ కూడా లేదు. వెళ్లి లచ్చయ్యకు చెప్పింది. తండ్రి తిడతాడనుకుంది గానీ ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మల్ల గియ్యి నాయినా. నీకెంత సేపు?" అంది గీత.

లచ్చయ్య చాలాసేపు ట్యాబ్ ముట్టలేదు. చివరికి వేలు ఆనించాడు. నెమలి మెడ గీయబోతే తెర మీది లైను వణికి, వంకర్లు పోయి, పక్కకు జారింది. రుద్దాడు. మళ్లీ గీశాడు. మళ్లీ అదే వంకర.

గీత తెరను వదిలేసి ఆయన చేతిని చూసింది. కొన్నాళ్లుగా చాయ్ గ్లాసు రెండు చేతులతో ఎందుకు పట్టుకుంటున్నాడో ఇప్పుడు అర్థమైంది.

"ఎప్పటి సంది నాయినా?"

"దసరా సంది. నీ దాంట్ల రుద్దొచ్చు గదా, ఒక్కో ఈక రుద్దుకుంట రుద్దుకుంట గీసిన. ఎవ్వరికి తెల్వదనుకున్న." ఆయన చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. "గది నా ఆఖరి నెమలి బిడ్డా. ఇంకోటి నాతోని కాదు."