పది రోజుల పుట్టిల్లు

మొన్న నెలవారీ పరీక్షకని మదనపల్లెకు పోయి, డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని నా వంతు కోసం కాచుకుని ఉండగా, ఎదురుగోడకు అంటించిన ఒక కాగితం కంటపడింది. గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లను ఇంట్లో చూసుకునేవాళ్లు కూడా అలసిపోతారనీ, ఆ అలసట ముదిరితే విసుగూ కోపమూ వస్తాయనీ, వాళ్లకూ విశ్రాంతి ఇవ్వాలనీ పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాను. నా ఈడు ఆడవాళ్లెవరైనా అది చదివితే ముందు నవ్వుకుంటారు, తర్వాత ఆలోచనలో పడతారు. నేనూ అంతే. పాతికేళ్ల నాటి మా పుంగనూరు ఇల్లు, వసారాలో వాలుకుర్చీలో కూర్చున్న మా మామ కళ్ల ముందుకొచ్చి, నర్సమ్మ నా పేరు పిలిచినా వినిపించలేదు.

మామ అంటే మా ఆయన తండ్రి. పుంగనూరు బజారులో ఆయనది బెల్లం అంగడి. వచ్చినవాళ్లకు చిన్న ముక్క చేతిలో పెట్టి, ఇంటి సంగతులన్నీ అడిగి గానీ తూకం వేయని మనిషి. తొంభైల చివర్లో ఒక ఎండాకాలం గుండె బలహీనపడి, కాళ్లు వాచి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే స్థితికి వచ్చాడు. అంగడి మా ఆయన చేతికీ, మామ నా చేతికీ వచ్చారు. ఉప్పు తగ్గించమని, నీళ్లు కొలిచి ఇవ్వమని, మెట్లెక్కనీయవద్దని డాక్టరు చెప్పాడు. చెప్పినదానికి నాలుగింతలు చేసే పిచ్చి నాకు చిన్ననాటి నుంచీ ఉంది కాబట్టి, ఆయన తగ్గించమన్న ఉప్పును నేను ఇంట్లోంచే తరిమేశాను. మామ ఒక్కడికే చప్పిడి కూడు పెడితే నొచ్చుకుంటాడని ఇంటిల్లిపాదికీ అదే వండాను. సంగటిలోకి ఉప్పు లేని పప్పు వేసినా మా ఆయన నోరెత్తకుండా తిని లేస్తుంటే ఎంత మంచివాడో అని మురిసిపోయాను గానీ, అంగడి పక్క హోటల్లో రోజూ దోసెలు లాగించి వస్తున్నాడని ఆర్నెల్లకు గానీ తెలియలేదు.

పొద్దున్నే రెండు చెంబుల నీళ్లు నింపి పెట్టేదాన్ని, రోజంతటికీ అవే. మండు వేసవిలో ఇంకొక్క గుటక అని మామ చెయ్యి చాపితే, పసిబిడ్డకు చెప్పినట్టు చెప్పి చెంబు పక్కకు తీసేసేదాన్ని. మాట్లాడితే ఆయాసం ఎక్కువవుతుందని, సాయంత్రాలు ఆయన కోసం వచ్చే ముసలి స్నేహితులను అరుగు మీద కూర్చోనివ్వకుండా పంపేసేదాన్ని. నెలకొకసారి మదనపల్లె బస్సెక్కిన రోజు మాత్రం ఆయన మొహం చూడాలి. కిటికీ పక్కన కూర్చుని, ఎక్కే దిగే వాళ్లనందరినీ పలకరిస్తూ, డాక్టరు దగ్గరికి కాదు, పెళ్లికి పోతున్నట్టు ఉండేవాడు. అప్పుడైనా నాకు అర్థమై ఉండాల్సింది.

మూడేళ్లు అలా గడిచాయి. ఆ మూడేళ్లలో గుడుపల్లెలోని మా పుట్టింట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. మా చెల్లెలి బిడ్డకు పేరు పెట్టిన దినం కూడా మాత్రల వేళ తప్పుతుందని పోలేదు. కోడలంటే అట్లా ఉండాలని వీధంతా మెచ్చుకుంటుంటే, ఆ పేరు పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు, మోయడానికి ఒళ్లు సహకరించలేదు. ఊరికే కళ్లనీళ్లు వచ్చేవి. గిన్నె కింద పడినా కోపమే, పడకపోయినా కోపమే.

ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి వచ్చి చూస్తే, పక్కింటావిడ ఇచ్చిన నిమ్మకాయ ఊరగాయ ముక్కను మామ నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. నాకు ఒళ్లు తెలియలేదు. "సావాలని ఉండాదా మామా నీకు? నీకు సేసి సేసి నేనే ముందు పోయేట్టుండాను!" అని వీధికంతా వినబడేట్టు అరిచాను. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

నాలుగో రోజుకల్లా కుప్పం నుంచి మా వదిన, అంటే మామ పెద్దకూతురు, సంచీతో సహా దిగింది. పది రోజులు తానుంటానని, నన్ను గుడుపల్లెకు పోయి రమ్మని అంది. ఎందుకొచ్చావంటే ఊరికే వచ్చానంటుంది గానీ సంగతి చెప్పదు. మామ నా మీద ఎవరితోనో చాడీలు చెప్పి పంపించి ఆమెను రప్పించాడని నాకు తేలిపోయింది. మూడేళ్ల చాకిరీకి ఇదా ఫలితమని కుమిలిపోయి, మామకు చెప్పకుండానే రెండు చీరలు సంచిలో కుక్కుకుని గుడుపల్లెకని పలమనేరు బస్సెక్కాను.

పుట్టింట్లో మొదటి రెండు రోజులూ నిద్రే. అమ్మ లేపి అన్నం పెట్టడం, మళ్లీ నేను పడుకోవడం. మూడోనాడు తలకు నూనె పెట్టి అంటింది. రోట్లో నూరిన శనక్కాయల ఊరిబిండి వేసుకుని సంగటి తింటే, ఉప్పు రుచికే కళ్లు చెమర్చాయి. ఆ పది రోజుల్లాంటి రోజులు నా జీవితంలో మళ్లీ రాలేదు. ఇప్పటికీ నిద్ర పట్టని వేళల్లో అమ్మ పక్కన చాప మీద పడుకున్నట్టు అనుకుంటాను.

తిరిగొచ్చిన సాయంత్రం మా అరుగు మీద నలుగురు ముసలాళ్లు కూర్చుని నవ్వుతున్నారు, వాళ్ల నడుమ మా మామ. కాళ్ల వాపు పెరగలేదు, మొహంలో కళ వచ్చింది. నన్ను చూసి, "బాగా నిద్రపోయినావా అమ్మా?" అని అడిగాడు. ఎత్తిపొడుస్తున్నాడనుకుని జవాబివ్వకుండా లోపలికి పోయాను. ఆ ముసలాళ్లను మళ్లీ పంపేయలేకపోయాను గానీ, ఆయనతో మాత్రం మాత్రల మాట, నీళ్ల మాట తప్ప చాలా నెలలు మాట్లాడలేదు. తర్వాత మాటలు కలిసినా, ఆ ప్రశ్న మళ్లీ ఆయనా అడగలేదు, నేనూ ఎత్తలేదు. ఏడాదిన్నరకు, ఒక పొద్దున అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

పెద్దకర్మ అయ్యాక పెరట్లో గిన్నెలు సర్దుతూ వదిన చెప్పింది. నేను అరిచిన మరునాడు, నేను నీళ్ల కొళాయి దగ్గర వరసలో ఉన్నప్పుడు, ఆయన వీధి చివర మేడ మీది ఎస్టీడీ బూత్‌కు, ఆగి ఆగి మెట్లన్నీ ఎక్కి పోయి, కుప్పానికి ఫోన్ చేశాడట. "ఆ బిడ్డ ఎండిపోతాండాది. నేను సెప్తే పోదు, నువ్వొచ్చి పంపీ. నేను ఫోన్ సేసినానని మాత్రం సెప్పొద్దు, మెట్లెక్కినానని తిడతాది" అన్నాడట.

ఇప్పుడు చేతిలోనే ఫోనుంది, నాడి చూసుకోవడానికి వేలికి తగిలించుకునే మిషనుంది, పిలిస్తే ఇంటికొచ్చే నర్సులున్నారు. వదినా నేనూ రోజూ మాట్లాడుకుంటాం గానీ, ఒకరి కోసం ఒకరు పది రోజులకని సంచీ సర్దుకునే కాలం మాత్రం పోయింది. నాకు మాత్రం ఆ సాయంత్రం ఒక్కటి తిరిగి వస్తే చాలు. అరుగు దగ్గరే సంచీ దించి, ఆయన పక్కన కూర్చుని, బాగా నిద్రపోయినాను మామా అని చెప్పి గానీ లోపలికి పోను.