పెద్ద పూసకు ఇవతల

మొన్న సోమవారం పొద్దున నేను బడికి తయారవుతుంటే మా వీధి మసీదు మైకులో కబురు వచ్చింది. ఫలానా సాబ్ తల్లిగారు కన్నుమూశారు, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా అని. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఎవరో పాపం అనుకున్నాను. పదకొండేళ్లు గోడకు గోడ కలిపి బతికిన మనిషిని ఫలానా సాబ్ తల్లిగా నేనెప్పుడూ అనుకోలేదు. ఆమె నాకు ఖాలా, పిన్ని లాంటిది, అంతే. మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి నా మొహం చూస్తే గానీ నాకు అర్థం కాలేదు.

అంతకు రెండు రోజుల ముందే కోహెడలో కూతురింటికి పోయింది. అక్కడే నిద్రలో పోయిందట. బస్సుకు బయలుదేరుతూ గోడ మీది నుంచి నాతో అన్న చివరి మాట, "గోలి మర్సిపోకు బేటా, నువ్వు అన్ని మర్సిపోతవ్." గోలి నాది కాదు, పిల్లిది.

మా వాడలో ఖాలాను ఎరగని ఆడవాళ్లు లేరు. ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుట్టేది. పెళ్లిళ్ల రోజుల్లో ఇంటి నిండా జనం నిలబడి తొందర పెట్టినా ఎవరినీ కసురుకునేది కాదు. ఆ కసురంతా నా కోసమే దాచి పెట్టేదని నా అనుమానం. నేను లెక్కల మాస్టర్ని. ఏ చిన్న పనైనా ముందు ఫోనులో పది వీడియోలు చూసి, కంగారుపడి, పక్కవాళ్లను కంగారుపెట్టి గానీ మొదలుపెట్టను. మామూలప్పుడు ఆమెకు నేను 'బేటా'. కోపం వస్తే 'మాస్టర్ సాబ్'. మాస్టర్ సాబ్ అని పిలుపు వినపడితే నేను ఏదో తప్పు చేసినట్టే లెక్క.

పిల్లి మాదీ కాదు, వాళ్లదీ కాదు. వానలో తడిసి గోడ మీదికి వచ్చిన కూన. ఇటు దిగితే మా ఇంట్లో పాలు, అటు దిగితే వాళ్లింట్లో మాంసం. మా దగ్గర దాని పేరు చిన్ని, వాళ్ల దగ్గర షహజాదీ. ఏ పేరుతో పిలిచినా పలికేది కాదు.

రెండేళ్ల కింద ఎండాకాలంలో ఒకరోజు అది మెట్ల మీద కూర్చుని కుక్కలాగా నోరు తెరిచి ఊపిరి తీయడం చూశాను. పశువుల దవాఖాన డాక్టర్ స్టెతస్కోపు ఆనించి విని, గుండెలో ఏదో తేడా ఉంది, హైదరాబాద్ తీసుకుపోయి స్కానింగ్ చేయించండి అన్నాడు. కారు మాట్లాడుకుని పోయాం. బుట్ట ఒళ్లో పెట్టుకుని ఖాలా కూడా వచ్చింది. గుండె గోడలు మందమయ్యాయని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. నయమయ్యే జబ్బు కాదట. మందుతో కొన్ని నెలలు, కలిసొస్తే కొన్నేళ్లు. నెలనెలా తీసుకురాగలిగితే మంచిది, రాలేకపోతే ఇంటి దగ్గరే జాగ్రత్తగా చూసుకోండి, మరీ బాధ పడుతుంటే సూది వేసి నొప్పి లేకుండా పంపించే దారి కూడా ఉంది, ఆలోచించుకోండి అంది.

తిరుగు ప్రయాణంలో సగం దారికి వచ్చేసరికి పిల్లి మళ్లీ నోరు తెరిచింది. కారు ఆపించి, చెట్టు నీడన బుట్ట పెట్టి, ఖాలా తన కొంగు తడిపి దాని చెవులు తుడుస్తూ కూర్చుంది. అరగంటకు గానీ అది నోరు మూయలేదు.

"నెలనెలా గిట్ల తీస్కవోతవా దీన్ని?" అని అడిగింది.

"డాక్టరమ్మ చెప్పింది గదా ఖాలా."

"డాక్టరమ్మ మంచిదే. గని ఈ తొవ్వల దీని పానం ఎట్ల గుంజుతున్నదో ఆమె సూడలే. నువ్వు సూసినవ్."

నేను వినలేదు. వింటే నేను నేనెందుకవుతాను? పిల్లి ఉరకకూడదు, దూకకూడదు, విశ్రాంతి కావాలి అని ఎక్కడో చదివి, దాన్ని మా మేడ మీది గదిలో పెట్టి తలుపు వేశాను. గిన్నెలో నీళ్లు, డబ్బాలో ఇసుక, మెత్తటి బొంత, అన్నీ అమర్చాను. రెండు రోజులు అది తలుపు గోకుతూ అరిచింది. గోలి తినిపించబోతే నా రెండు చేతులూ గీరేసింది. మూడో రోజు పొద్దున ఖాలా మోకాళ్లు పట్టుకుంటూ మా మెట్లెక్కి వచ్చింది.

"మాస్టర్ సాబ్, దవాఖాన వెట్టినవా, జైలు వెట్టినవా?"

"అది ఉరికితే చచ్చిపోతది ఖాలా!"

"ఉరకకుంటె బతికి ఏం జేస్తది? సెప్పు, నీ తాన జవాబుంటె ఇప్పుడే పోత."

నేను మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది, నిజం చెప్పడానికి సిగ్గెందుకు. ఆమె నా పక్కన మెట్టు మీద కూర్చుని, జబ్బు సంగతి కాస్త పక్కన పెట్టినట్టు మామూలుగా అడిగింది, పిల్లి రోజూ ఇష్టంగా చేసే పనులేమిటో చెప్పమని. ఇద్దరం కలిసి లెక్క తేల్చాం. పొద్దున్నే గోడ మీద ఎండకు కూర్చుంటుంది. మధ్యాహ్నం ఖాలా మిషన్ పక్కన బట్టల కుప్ప మీద పడుకుంటుంది. చేపలామె కేక వినగానే గేటు దగ్గరికి ఉరుకుతుంది.

"మూడు పనులు. ఇవి చేసినన్నొద్దులు గోలి ఏద్దాం, ఇంట్లనే ఉంచుదాం. ఇవి బంద్ జేసిందనుకో, అప్పుడు మల్ల ఇద్దరం కూసొని మాట్లాడుకుందాం. సూదా, హైదరాబాదా, ఏదైనా. నోరు తెరిసి ఊపిరి తీస్తె మాత్రం మాటలు లెవ్వు, సీద డాక్టర్ తానికే. నేను గూడ వస్త."

డాక్టరమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. అలాగే చేయండి అంది. కాకపోతే అది నిద్రపోయేటప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో రోజూ లెక్కపెట్టి రాసుకొమ్మంది. ముప్పై దాటుతుంటే ఫోన్ చేయాలి.

వినడానికి సులువే. గడియారం చూస్తే పొట్ట కదలడం తప్పిపోతుంది, పొట్ట చూస్తే గడియారం తప్పిపోతుంది. లెక్కల మాస్టర్ని, మూడుసార్లు లెక్కపెడితే మూడు లెక్కలు వచ్చాయి. ఖాలా నవ్వి, నమాజు చాప మీద నుంచి తన తస్బీ తెచ్చింది. ముప్పై మూడు పూసలకు ఒక పెద్ద పూస ఉన్న జపమాల అది. నన్ను గడియారం పట్టుకోమంది. పిల్లి పొట్ట లేచినప్పుడల్లా తను ఒక పూస జరిపేది. నిమిషం అయ్యేసరికి వేలు పెద్ద పూసకు చాలా ఇవతలే ఆగితే, "పో, చాయ్ తాగు" అనేది.

"దేవుడి పేరు తీసే పూసల మీద పిల్లి ఊపిరి లెక్కపెట్టొచ్చా ఖాలా?" అని ఒకసారి అడిగాను.

"ఊపిరి ఎవ్వలిచ్చిండు మరి? లెక్కవెడితె ఆయన పేరు తీస్కున్నట్టే."

గోలి కూడా ఆమే నేర్పింది. గోలిని బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి, ఉప్పు లేకుండా ఉడికించిన కోడి కార్జంలో ఒక ముక్క దాచి, జాకెట్టుకు హుక్కులు కుడుతూ పిల్లి వైపు చూడకుండా కింద పడేసేది. అది వచ్చి తినేది. నేను అదే పని చేస్తే ముక్క నమిలి గోలి మాత్రం ఉమ్మేసేది. "నువ్వు భయపడుకుంట ఇస్తున్నవ్ బేటా. నీ మొకం జూసి అది ఇసం అనుకుంటున్నది," అనేది. మొహం మార్చుకోవడం నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు బడిలో కూడా పనికొస్తోంది. లెక్కలంటే వణికే పిల్లల ముందు నేను కంగారుపడడం మానేశాను. ఇది కూడా ఆమె చలవే.

అలా రెండు ఎండాకాలాలు గడిచాయి. గోడ, బట్టల కుప్ప, చేపలామె. ఒక్కరోజు కూడా మేం మళ్లీ కూర్చుని మాట్లాడుకోవలసిన అవసరం రాలేదు.

ఆమె పోయిన రోజు సాయంత్రం నుంచి పిల్లి ఆ మూడూ మానేసింది. మిషన్ మీద దుప్పటి కప్పారు. కుట్టని బట్టలు ఎవరివి వాళ్లు పట్టుకుపోయారు, కుప్ప లేదు. పిల్లి మిషన్ కిందికి దూరింది. చేపలామె వచ్చి పోయినా కదల్లేదు. మూడో రోజు ఖాలా కోడలు గోడ దగ్గరికి వచ్చి, "సార్, ఏం తింటలేదు. కండ్లు గూడ తెరుస్తలేదు. ఏం జేద్దాం?" అంది.

నాకు దుఃఖం కంటే ముందు భయం వేసింది. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందామన్న మనిషి లేదు. హైదరాబాద్ తీసుకుపోదామా అని మా ఆవిడ అడిగింది. సూది మాట ఎవరూ అనలేదు గానీ అందరి మనసులోనూ ఉంది. నేను గడియారం పట్టుకుని మిషన్ ముందు నేల మీద కూర్చున్నాను. అడగకుండానే కోడలు తస్బీ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. పూసలు జరిపింది. ఇరవై నాలుగు.

"గుండె మంచిగనే ఉన్నది సార్," అంది మెల్లగా. "దీనికి అత్తమ్మ మీద బెంగ."

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. రేపు సాయంత్రం లోగా తినకపోతే తీసుకురండి, తింటే వదిలేయండి అంది. కోడలు కార్జం ఉడికించింది. నేను గోలి దాచి, హుక్కులు కుట్టడం రాదు గనక పరీక్ష పేపర్లు దిద్దుతూ, పిల్లి వైపు చూడకుండా ముక్క కింద వేశాను. పదకొండు పేపర్లు దిద్దాను. అందులో ఎన్ని తప్పు దిద్దానో తెలియదు. పన్నెండో పేపరు దగ్గర మిషన్ కింది నుంచి నమిలే చప్పుడు వినిపించింది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మొహం మార్చకుండా పేపరు వైపే చూశాను, కళ్లు మసకబారి ఒక్క అంకె కూడా కనపడలేదు.

ఈ రోజు పొద్దున బడికి బయలుదేరితే పిల్లి గోడ మీద లేదు. వాళ్లింట్లోనూ లేదు. గేటు దగ్గరా లేదు. వీధిలోకి ఉరికి వచ్చి చూస్తే, నా స్కూటర్ సీటు మీద చుట్టుకుని పడుకుని ఉంది. ఇన్నేళ్లలో అది ఆ బండి జోలికి ఎప్పుడూ పోలేదు. నన్ను చూసి ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసుకుంది. గోడ అవతల నుంచి చూస్తున్న కోడలు, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

"సార్, మూడు పనులు కాదు ఇగ. నాలుగు."

బడిలో ప్రార్థన గంట కొట్టే వేళయింది. సీటు మీదికి ఎండ వస్తోంది. నేను స్టాండు తీసి, బండి స్టార్ట్ చేయకుండా, దానికి మెలకువ రాకుండా మెల్లగా గోడ నీడలోకి నెట్టి పెట్టాను. హెల్మెట్ చేతిలో పట్టుకుని బడికి నడిచి పోయాను.