మధ్యలో నిలబడ్డ మనిషి గొంతు

1991లో నేను బ్రిస్బేన్‌లోని సన్నీబ్యాంక్‌లో, ఒక కార్పెట్ల దుకాణం వెనక ఉన్న చిన్న రికార్డింగ్ స్టూడియోలో పనిచేసేదాన్ని. యజమాని పేరు గ్రెగ్. అప్పటిదాకా టేపును బ్లేడుతో కోసి, అతికించి ఎడిటింగ్ చేసిన మనిషి ఆ ఏడాదే కంప్యూటర్ కొన్నాడు. పాటను అందులోకి ఎక్కిస్తే తెర మీద ఎగుడుదిగుడుగా ఒక గీత కనిపిస్తుంది. దాన్ని వేవ్‌ఫార్మ్ అంటారు. అక్కర్లేని ముక్కను మౌస్‌తో పట్టుకుని తీసేస్తే చాలు, బ్లేడుతో పని లేదు. గ్రెగ్‌కి ఆ కంప్యూటర్ అంటే ప్రాణం. నాకు మాత్రం దాని మీద అనుమానమే. అసలు నాకు అనుమానం లేనిది ఈ లోకంలో ఏదైనా ఉందా అని మా ఆయన వేళాకోళం చేస్తుంటారు. తాళం వేసిన తలుపును మళ్ళీ ఒకసారి లాగి చూసుకుంటే గానీ గేటు దాటను. మా పనిలో ఆ గుణం అక్కరకొస్తుంది.

1987లో ఫిజీలో ప్రభుత్వం తలకిందులైన తర్వాత అక్కడి తెలుగువాళ్ళు చాలామంది బ్రిస్బేన్ వచ్చి చేరారు. వాళ్ళ తాతలు చెరకు తోటల్లో పనికోసం విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కినవాళ్ళు. ఆ తాతల నాటి తెలుగే ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడేవారు. మాది భీమవరం దగ్గర. వాళ్ళ మాట వింటుంటే మా ఊరికి కూలిపనికి వచ్చే ఆ వైపు మనుషులూ, మా అమ్మమ్మ చెప్పే కబుర్లూ గుర్తొచ్చేవి. అప్పన్న నాయుడు అంకుల్, నరసమ్మ ఆంటీ అలా వచ్చినవాళ్ళే. అంకుల్ వాళ్ళ భజన మండలికి పెద్ద. ఆయన ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకోవాలి. అలాంటి మనిషికి గొంతులో కేన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేయక తప్పదన్నారు డాక్టర్లు. ఆపరేషన్ అయ్యాక మాట ఉండదు, ఇక పాట సంగతి చెప్పేదేముంది. ఆలోపు ఆయన పాటను ఒక్కసారైనా పట్టి ఉంచుకోవాలని ఆంటీ మండలినంతా వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

ఒకే స్టాండు మీద రెండు మైకులు పెట్టాను. ఒకటి ఎడమవైపు చూస్తుంది, ఒకటి కుడివైపు. రెండు చెవులతో విన్నట్టు రెండు ట్రాకులుగా రికార్డవుతుంది. దాన్నే స్టీరియో అంటారు. అందరినీ వాటి ముందు అర్ధచంద్రాకారంగా నిలబెడుతుంటే అంకుల్ తమ్ముడు రామన్న వచ్చి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు.

"రామన్నా, నువ్వటు పో. మద్దిన మీ అన్న నిలబడాల" అంది ఆంటీ.

రామన్న ముఖం ఎర్రబడింది. ఎడమ చివరికి పోయాడు. ఆంటీ, ఇద్దరు ఆడవాళ్ళు కుడి చివర సర్దుకున్నారు. మధ్యలో అంకుల్, రాజులా. మధ్యమధ్య దగ్గు తెర వచ్చి ఆగినా, ఆ మనిషి పాడిన తీరు చెప్పలేను. ఒంట్లో ఉన్న ఊపిరంతా అక్కడే ఖర్చు పెట్టేయాలన్నట్టు పాడాడు.

అయ్యాక ఆంటీ నన్ను పక్కకి పిలిచింది. "అమ్మాయీ, ఆ దగ్గులు తీసెయ్యి. దగ్గుతో గుర్తుండకూడదు మా ఆయన."

తీసేస్తానన్నాను. వాళ్ళంతా బయటికి నడుస్తుంటే రామన్న ఒక్కడే వెనక్కి వచ్చి కంప్యూటర్ తెర వైపు వంగి చూశాడు. "ఇందులో ఒక మనిసి గొంతు మాత్రం తీసెయ్యడానికి అవుద్దా?" అని అడిగాడు.

"కాదండీ. అందరూ కలిసి పాడాక విడదీయలేం."

"అలాగా" అని తల పంకించి వెళ్ళిపోయాడు. ఎందుకడిగాడో నాకు అంతుబట్టలేదు. మనసులో ఒక మూల పెట్టుకున్నాను.

దగ్గులు తీసేసి క్యాసెట్ చేశాను. రామన్నే వచ్చి తీసుకెళ్ళాడు. అంకుల్ ఆపరేషన్ అయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక, వాళ్ళు ఆ క్యాసెట్ పెట్టుకుని విన్నారు. వెంటనే నాకు ఫోన్.

"అమ్మాయీ, ఏటి సేసినావు నువ్వు? ఆయన గొంతేదీ?"

"గొంతేదీ అంటే?"

"అందరూ పాడతన్నారు. డోలక్కుంది. తాళాలున్నాయి. ఆయనొక్కడే లేడు! దగ్గు కొయ్యమంటే గొంతు కోసేసినావా?"

క్యాసెట్ పట్టుకుని రమ్మన్నాను. వచ్చింది. మా పెద్ద స్పీకర్ల మీద పెట్టాను. అంకుల్ గొంతు నిక్షేపంగా ఉంది! ఎటునుంచి వస్తోందో తెలియకుండా గదంతా అలుముకున్నట్టుగా వినిపించిందే తప్ప, ఉండటం ఉంది. ఆంటీ నోరు తెరిచింది. క్యాసెట్ పాడై ఉంటుందేమోనని ఇంకొకటి చేసి ఇచ్చి పంపాను. ఇంటికి వెళ్ళి మళ్ళీ ఫోన్ చేసింది. మళ్ళీ అదే వరస.

"నీ కాడుంటది, మా ఇంట్లో ఉండదు. ఇదేటి కనికట్టు?" అంది. గొంతు మార్చి, "మీరు సర్చికి ఎల్లేవోళ్ళు కదా. రాముడి పాట నీకు గిట్టలేదేటి?" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఆంటీ! నా పని మీద ఎంతైనా అనండి, పడతాను. నా దేవుణ్ణీ మీ దేవుణ్ణీ మధ్యలోకి లాగకండి" అని ఫోన్ ఠక్కున పెట్టేశాను. పెట్టేశానే గానీ, ఆమె అనుమానంలో తప్పేముంది? ఇంకోసారి పాడించడానికి ఆ మనిషికి గొంతు లేదు. మిగిలింది ఆ రికార్డు ఒక్కటే.

ఇక నా అనుమానాలు మొదలయ్యాయి. మొదట కంప్యూటర్‌ని పట్టుకున్నాను. సౌండ్ బయటికి వెళ్ళే చోటును అవుట్‌పుట్ అంటారు. అందులో ఎడమ ట్రాకు ఎడమకే వెళ్తోందా, కుడిది కుడికే వెళ్తోందా చూశాను. వెళ్తోంది. కంప్యూటర్ నుంచి క్యాసెట్ రికార్డు చేసే డెక్కుకు వెళ్ళే వైర్లు మార్చాను. డెక్కు హెడ్డును స్పిరిట్‌తో తుడిచాను. మీటర్లలో రెండు ముళ్ళూ చక్కగా లేస్తున్నాయి. గ్రెగ్ నన్ను చూసి నవ్వాడు. "నో వర్రీస్, వాళ్ళ ప్లేయరే డొక్కుది అయ్యుంటుంది" అన్నాడు. డొక్కు ప్లేయర్ అయితే అందరి గొంతూ పోవాలి గానీ, ఏరి ఏరి ఒక్క మనిషి గొంతే పోతుందా?

అప్పుడు రామన్న అడిగిన మాట గుర్తొచ్చింది. ఒక మనిషి గొంతు మాత్రం తీసెయ్యొచ్చా అని. మధ్యలోంచి పక్కకి నెట్టించుకున్నవాడు. మొదటి క్యాసెట్ మోసుకెళ్ళినవాడు. అన్న తర్వాత మండలికి పెద్ద కావాల్సినవాడు. ఎలా చేశాడో తెలియదు గానీ, చేసింది వీడేనని నాకు దాదాపు రూఢి అయిపోయింది. ఆంటీకి ఫోన్ చేసి, ఆ ప్లేయర్ పట్టుకుని అందరూ రండి, రామన్న గారు కూడా తప్పకుండా రావాలి అని చెప్పాను.

వచ్చారు. అంకుల్ బాగా చిక్కిపోయాడు. మెడకు రుమాలు చుట్టుకున్నాడు. నన్ను చూసి చేతులు జోడించాడు. ఆంటీ ప్లేయర్‌ని బల్ల మీద పెట్టి మీట నొక్కింది. నా చెవులారా విన్నాను. డోలక్ మోగుతోంది. కోరస్ అందుకుంటోంది. అంకుల్ ఎత్తుకోవాల్సిన చోట మాత్రం, ఎక్కడో నూతి అడుగున ఎవరో మూలిగినట్టు చిన్న మార్మోగుడు, అంతే. పాట జరుగుతోంది, పాడేవాడు లేడు. అంకుల్ చేయి తనంతట తానే రుమాలు మీదికి వెళ్ళింది. ఆపరేషన్‌తో ఒకసారి, ఇలా ఇంకోసారి, ఆ మనిషి గొంతు రెండుసార్లు పోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆంటీ రామన్న మీద విరుచుకుపడింది. "మొదాటి క్యాసెట్టు తెచ్చింది నువ్వు కాదేటి? మద్దిన నిలబడనీలేదని ఇంత కచ్చా?"

నేను కూడా ఊరుకోలేదు. "ఆ రోజు మీరు నన్నేం అడిగారు రామన్న గారూ? ఒక మనిషి గొంతు తీసెయ్యొచ్చా అని కదూ?"

రామన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు. "నా గొంతు తియ్యడానికి అడిగినానమ్మా. నాకు సురుతి నిలవదు. అన్న ఆకరిపాట నా గొంతు వల్ల పాడైపోతాదని..." అంకుల్ లేచి వెళ్ళి తమ్ముడి తల మీద చెయ్యి వేశాడు. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నా రూఢి అంతా గాలికి పోయింది. ఎవరు చేశారన్న ప్రశ్న వదిలేసి, ఎవరు మిగిలారన్నది విన్నాను. ఎడమ చివర ఉన్న రామన్న వినిపిస్తున్నాడు, శ్రుతి తప్పుతూనే. కుడి చివర ఆడవాళ్ళు వినిపిస్తున్నారు. పోయింది సరిగ్గా మధ్యలో నిలబడ్డ మనిషి. ప్లేయర్ వైపు చూశాను. దానికి ఉన్నది ఒకటే స్పీకరు. అంటే ఎడమనూ కుడినీ కలిపేసి ఒక్కటిగా వినిపిస్తుంది. దాన్ని మోనో అంటారు. మా మిక్సర్ మీద కూడా మోనో అని ఒక బటన్ ఉంటుంది, ఎప్పుడూ ఎవరూ నొక్కరు. వెళ్ళి నొక్కాను. మా పెద్ద స్పీకర్లలోంచి కూడా అంకుల్ గొంతు మాయమైంది. టీ తాగుతున్న గ్రెగ్ కప్పు కింద పెట్టేశాడు.

కంప్యూటర్ తెర మీద వేవ్‌ఫార్మ్‌ను బాగా పెద్దది చేసి చూశాను. అంకుల్ పాడిన చోట ఎడమ ట్రాకులో గీత పైకి లేస్తే, కుడి ట్రాకులో సరిగ్గా అంతే కిందికి దిగుతోంది. ఒక బండిని ఇద్దరు చెరోవైపు నుంచి సమానంగా తోస్తే కదలదు కదా, అదే జరిగింది. మధ్యలో నిలబడ్డ మనిషి గొంతు రెండు మైకుల్లోనూ సమానంగా పడుతుంది. ఆ రెండూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి తినేశాయి. పక్కనున్న వాళ్ళ గొంతు ఒక మైకులో ఎక్కువ, ఇంకో మైకులో తక్కువ పడుతుంది కాబట్టి వాళ్ళు బతికిపోయారు. పెద్దరికం ఇచ్చి మధ్యలో నిలబెట్టినందుకే ఆయన గొంతు పోయింది.

కుడి మైకు వైరు తీసి చివర విప్పి చూస్తే, లోపల రెండు తీగలు ఒకదాని స్థానంలో ఒకటి అతికించి ఉన్నాయి; కుడి గీత తలకిందులైంది అందుకే. రికార్డింగ్‌కి ముందు ఆ వైరు తెగితే టంకం వేసింది గ్రెగ్. అతను చూసి, టోపీ తీసి, అంకుల్ దగ్గరికి వెళ్ళి, "మై ఫాల్ట్, సారీ" అన్నాడు. అంకుల్ అతని చెయ్యి పట్టుకుని ఊపాడు.

సాఫ్ట్‌వేర్‌లో ఇన్వర్ట్ అని ఒక ఆదేశం ఉంటుంది. గీతను పైది కిందికి, కిందది పైకి తిప్పేస్తుంది. కుడి ట్రాకును అలా తిప్పి, మోనో బటన్ నొక్కి ఉంచే పాట పెట్టాను. అంకుల్ గొంతు గది మధ్యలోంచి లేచింది. ఆంటీ "ఒచ్చినాడు! ఒచ్చినాడే!" అని అరిచింది. రామన్న ఏడుస్తూనే తాళం వేశాడు. అంకుల్ మాత్రం కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ పాట అంతా విన్నాడు.

కొత్త క్యాసెట్ చేసి ఆంటీ చేతిలో పెట్టి, పాతది తీసుకోబోతే అంకుల్ నా చెయ్యి ఆపాడు. పాత క్యాసెట్‌నే మళ్ళీ ప్లేయర్‌లో పెట్టి, స్పీకర్‌కి చెవి ఆనించాడు. తన గొంతు లేని ఆ పాట. మాకెవరికీ అర్థం కాలేదు. కొంతసేపయ్యాక ఆయన వేలితో స్పీకర్‌ని చూపించి, తర్వాత ఆంటీని చూపించి, అవునా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

ఆంటీ తడబడింది. "ఆఁ, నేనే. ఇంకెవులు? పెళ్ళైన కాణ్ణించీ మీ పక్కనే పాడతన్నాను కదా. మీ గొంతులో ఇనబడితే కదా!"

అంకుల్ ఆ క్యాసెట్ తీసి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గ్రెగ్ చెత్తలో పడేద్దామంటే కూడా ఇవ్వలేదు.

ఆ తర్వాత ఎన్ని రికార్డింగులు చేసినా మోనో బటన్ నొక్కి వినకుండా ఏదీ చేతికివ్వలేదు. ఏ గొంతైనా వినబడకుండా పోతే ఎవరి మీద అనుమానపడాలా అని చూడను. ఎవరు ఎక్కడ నిలబడ్డారో ముందు అడుగుతాను. నా అనుమానాలు పోలేదు, కానీ వాటికి వరస మార్చాను. మనుషుల మీద పడే ముందు వైరు విప్పి చూస్తాను.

కొన్నాళ్ళకి ఆంటీ ఫోన్ చేసింది. బాగున్నారా అంటే విసుక్కుంది. "ఏటి బాగు! నువ్వు బాగు సేసిన క్యాసెట్టు మేమందరం ఇంటన్నాం. ఈయన మాత్రం పొద్దు లేస్తే ఆ పాడైనదే ఏస్తాడు. నా గొంతు నేను ఇనలేక సస్తన్నాను, అమ్మాయీ."