గుటక చప్పుడు

మా అక్క మొగుడిది వజ్రపుకొత్తూరు. టెక్కలి దగ్గర కొండ అడవిలో, రాళ్ల మీద పసుపు బాణాలు గీసిన కాలిబాట ఒకటుంది. డయాలసిస్ లేని ఆదివారాల్లో బావ నాతో అక్కడికి వచ్చేవాడు. నీళ్ల బాటిళ్ల సంచి మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ప్రతి బాణం దగ్గరా ఆగి, దారిలో ఎవరు కనబడినా బాటిల్ చాపేవాడు.

"తాగండి, ఎండ సంపేత్తంది."

తాను తాగేవాడు కాదు. కిడ్నీలు పోయినవాడికి నీళ్లకు కొలత ఉంటుంది. ఆయన వాటా మాత్రలు మింగడానికే సరిపోయేది.

ఒకరోజు ఆయన ఎదురుగా తాగడానికి మనసొప్పక, దాహం లేదన్నాను. బావ ముఖం చిన్నబోయింది. కాసేపు కింద జీడితోటల వైపు, వాటి అవతలి సముద్రం వైపు చూశాడు.

"ఏటి బామ్మర్దీ, నువ్వూ మీ అక్కలాగే తయారయ్యావా? అది సాటుకెళ్లి తాగతాది. ఇంట్లో ఎవులూ నా ముందు గ్లాసెత్తరు. నువ్వయినా తాగు, గుటక సప్పుడు ఇననీ."

తాగాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"సల్లగున్నాయా?"

ఎండకు కాగిపోయిన నీళ్లవి.

"చల్లగా ఉన్నాయి బావా."

"అయితే పై బాణంకాడ మల్లీ తాగుదువుగాని, పద" అని సంచి భుజానికెత్తుకున్నాడు.