చివరి వరస పిల్ల

పొద్దున్న గరాచర్మలో మా ఇంటి వెనక బడి మైదానం నుంచి డ్రమ్ములు వినిపించాయి. ఆగస్టు కవాతు దగ్గరపడింది. ఇంతలో వాన అందుకుంది. తోలు తడిసి మోత మొద్దుబారింది, చివరికి ఆగిపోయింది. టీ గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడిపోయాను. మోత ఆగినప్పుడు ఏం చేయాలో నాకు నేర్పిన అప్పన్న మాస్టారు పోయి నెల కాలేదు.

ఆయన పోలీసు బ్యాండులో రిటైరై, నా చిన్నప్పుడు మా బడికి డ్రమ్ములు నేర్పడానికి వచ్చారు. అప్పట్లో మాది ఈ దీవిలోనే జంగ్లీఘాట్, నాన్న చేపల వేటకు వెళ్లేవాడు. డ్రమ్ముల వరసలోకి ఆడపిల్లల్ని తీసుకోవడం అదే మొదలు. హెడ్మాస్టరుకు అది ఇష్టం లేదు. కవాతులో అడుగు చెదిరితే మరుసటి ఏడు మళ్లీ మగపిల్లలే అన్నారు. మాస్టారు సరేనని, మాకు డ్రమ్ము ఇవ్వకుండా చేపల పెట్టె మీద పాత టైరు ముక్క బిగించుకుని సాధన చేయమన్నారు. రబ్బరు మీద ఎంత కొట్టినా మోత రాదు. మణికట్లు మాత్రం వాచాయి.

ఒకరోజు మాస్టారు మా ఇంటికి వస్తే అమ్మ అడిగింది.

"ఏటి మాస్టారూ, దీని పెళ్లికి ఇదే వాయించుకుంటాదేటి?"

"మంచిదే కదా దీదీ. పెళ్లికొడుకు అడుగు తప్పడు."

డ్రమ్ము చేతికొచ్చిన రోజు నా మోత నేనే వింటూ వాయించాను. ఆయన వచ్చి నా కర్రలు పట్టుకున్నారు.

"లచ్చిమీ, నీకోసం నువ్వే కొట్టుకుంటన్నావేటి? ఎనక్కి సూడు."

సముద్రపు గాలికి మోత వెనక్కి చేరడం లేదు. మా వెనక నడిచే పిల్లల్లో, చివరి వరసలో ఒక చిన్నపిల్ల అడుగు దొరక్క పక్కవాళ్ల కాళ్లు చూస్తోంది.

"ఆ పిల్ల తలెత్తి నడిసిన రోజు నీకు డ్రమ్మొచ్చినట్టు. బస్, అంతే."

ఆగస్టు కవాతు రోజు, సగంలో వాన కుమ్మరించింది. ఒక్కొక్క డ్రమ్మే చప్పబడిపోయింది. నా చేతులు ఆగబోయాయి. మైదానం పక్క నుంచి మాస్టారి కేక వినబడింది.

"అంచు మీద కొట్టమ్మా! రుకో మత్, ఆపకు!"

డ్రమ్ము ఇనుప అంచు మీద కొట్టాను. పొడిగా, గట్టిగా పలికింది. పక్కమ్మాయి అందుకుంది, ఆ తర్వాత అందరూ. అడుగు చెదరలేదు.

"మాస్టారూ, బాగా వచ్చిందా?" అని తర్వాత అడిగాను.

"నన్నడుగుతావేటి? దాన్నడుగు."

ఆ పిల్ల తడిసిన జడలు పిండుకుంటూ, "కాళ్లు చూడలేదక్కా," అంది.

మర్నాడు హెడ్మాస్టరు మా ఆడపిల్లల గురించి ఆయనతో ఒక్క మాటే అన్నారట: "ఉండనివ్వండి."

ఆస్టినాబాద్‌లో ఇంటి నుంచి ఆయన్ను పాడె మీద తీసుకెళ్లిన రోజూ వానే. ఆడవాళ్లం వీధి మలుపు దాకా వెంట నడిచాం. అలవాటు కొద్దీ వెనక్కి చూస్తే, ఆయన ముసలి చెల్లెలు బురదలో వెనకబడింది. "నెమ్మదిగా నడవండి భయ్యా," అన్నాను మోసేవాళ్లతో. ఆవిడ మమ్మల్ని కలిసేదాకా వాళ్లు అడుగు తగ్గించారు.

మైదానంలో పిల్లలు ఇంకా వానలోనే నిలబడి ఉన్నారు. డ్రమ్ములు పలకడం లేదు. టీ గ్లాసు పక్కన పెట్టి గొడుగు తీసుకున్నాను. డ్రమ్ముకి అంచు కూడా ఉంటుందని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.