రుక్మిణమ్మ కాలు దిగిన జీపు

స్వామిదాసుకు యాభై ఎనిమిదేళ్లు. అందులో ముప్పై తొమ్మిదేళ్లు బండ్ల కిందే గడిచాయి. ముడిమ్యాల నుంచి రోజూ స్కూటర్ మీద వచ్చి, మొయినాబాద్‌లో రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డు తెరుస్తాడు. తుప్పు కోయడం, కొత్త రేకు అతకడం, సొట్టలు తీయడం అతని పని. ఇంజిను జోలికి మాత్రం పోడు. ఎవరైనా అడిగితే "గుండెకు వేరే డాక్టర్ను చూస్కోండ్రి, నాది బొక్కల దవాఖాన" అంటాడు.

కూతురు జెన్నీ చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తుంది. "బాపూ, మా దగ్గర ముక్క ముక్కకు చెకింగ్ ఉంటది. నీ పనిని చెక్ చేసేదెవరు?" అని ఆటపట్టిస్తుంటుంది. "నా సుత్తె" అంటాడు స్వామిదాసు, మీసం దువ్వుకుంటూ. వయసులో ఉండగా మెహదీపట్నంలో పని నేర్పిన ఉస్తాదు చెప్పిన పద్ధతే అది. బండి నేలంతా సుత్తితో కొట్టుకుంటూ పోవాలి. ఖంగుమంటే మంచి ఇనుము, బొదబొదమంటే చచ్చిన ఇనుము. చచ్చినదంతా కోసేశాకే కొత్త రేకు వేయాలి. తుప్పు మీదే రేకు కప్పితే నడుమ తేమ చేరి లోపల్లోపలే తినేస్తుంది. ఈ ఉపన్యాసం షెడ్డుకు వచ్చిన ప్రతివాడూ వినాల్సిందే, టైరులో గాలి అడగడానికి వచ్చినవాడైనా సరే.

ఒక మంగళవారం పొద్దున చేవెళ్ల నుంచి జనార్దన్ తన పాత జీపు తీసుకొచ్చాడు. ముందు సీట్లో వాళ్లమ్మ రుక్మిణమ్మ, కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకుని కూర్చుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. కుడి కాలికి మోకాలి కిందదాకా కట్టు. ముందురోజు టమాట తోట దగ్గర దిగబోతుంటే జీపు నేల విరిగి, ఆమె కాలు పిక్కదాకా కిందికి దిగిందట.

"బండి ఆగి ఉన్నది గాబట్టి బతికిన బిడ్డా. లేకుంటే జీపుతోని నేను గూడ ఉరకాల్సొచ్చేది" అంది రుక్మిణమ్మ.

"స్వామిదాసన్నా, గీ ఎడమ పక్క ఒక్క ముక్క ఏసియ్యి. సాయంత్రానికి బండి గావాలె, రేపు పొద్దుగాల మార్కెట్‌కు టమాట పోవాలె" అన్నాడు జనార్దన్.

స్వామిదాసు సీటు విప్పి, రబ్బరు చాప ఎత్తాడు. చాప కింద యూరియా పలుకులు తేమకు కరిగి, ఎండి, తెల్లగా పేరుకుని ఉన్నాయి. ఎరువు బస్తాలు మోసిన బండి నేలకు ఉప్పు పెట్టినట్టే. దాని కింద ఎవరో ఎప్పుడో వేసిన అతుకు కనబడింది. తుప్పు కోయకుండా, దాని మీదే రేకు కప్పేశారు. స్వామిదాసుకు ఒళ్లు మండింది.

"ఎవడు పటేలా గీ పని చేసింది? గీనికి వెల్డింగ్ మిషిన్ ఎవడిచ్చిండు? కుళ్లు మీద కూసోబెట్టిండు గదా రేకును!"

"పన్నెండేండ్లాయె. సర్పంచ్ ఎలక్షన్లప్పుడు డ్రైవర్ ఎక్కడనో ఏయించుకొచ్చిండు. అప్పుడు బండికి తెల్ల రంగుండె."

స్వామిదాసు తిట్టుకుంటూనే జీపు కిందికి దూరాడు. స్టూలు మీద కూర్చుని చాయ తాగుతున్న రుక్మిణమ్మకు ఆ తిట్లు చెవులకు ఇంపుగా ఉన్నాయి. "వాడు దొరకాలె గానీ, వాని నెత్తి మీద నేనే ఒక రేకు అతికిస్త" అని తనవంతు అందించింది.

కింద పూసిన తారు గోకుతుంటే లోపల నీలం రంగు బయటపడింది. ఆ రంగు మీద అక్షరాలు. ఇంకొంచెం గోకాడు. "ఆదివారం ఆరాధన. ఉదయం" అని ఉంది. టైము లేదు.

స్వామిదాసు చెయ్యి ఆగిపోయింది. అది ముడిమ్యాల చర్చి పాత బోర్డు. కొత్త బోర్డు పెట్టిన ఏడు, మందపు రేకు వృథా కాకూడదని పెద్దలనడిగి షెడ్డుకు తెచ్చుకున్నది తనే. పటేల్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడని ఎవడో డ్రైవరు నెత్తిన కూర్చుంటే, బోర్డును రెండు ముక్కలు చేసి గంటలో అతికి పంపాడు. ఒకటి ఎడమ పక్క. ఆరాధన టైము రాసి ఉన్న రెండోది కుడి పక్క, నడిపేవాడి కాళ్ల కింద.

"ఏంది దాసూ, తిట్లు ఆగినయి?" అంది రుక్మిణమ్మ.

అతనికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఎడమ పక్క బాగు చేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ బ్రేకు తొక్కేటప్పుడు ఆ రెండోది విరిగితే? బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"పటేలా, కుడి పక్క గూడ కొయ్యాలె."

జనార్దన్ మొహం మాడ్చుకున్నాడు. "మీరింతే అన్నా. ఒకటి చూపెడితే నాలుగు చెప్తరు." ఆ పక్క నేలను చెప్పుకాలితో తన్ని చూపించాడు. పైన చాప ఉన్నా చప్పుడు గట్టిగానే వచ్చింది. "చాప గూడ ఎత్తకపోతివి, నీకెట్ల తెలుసు?"

"గా రేకు ఏసింది నేనే గాబట్టి. రెండు దిక్కుల నేనే ఏసిన. కుళ్లు కొయ్యకుంట ఏసిన. పొద్దటిసంది తిట్టింది నన్నే పటేలా." ఆ మాట రుక్మిణమ్మ వైపు చూసి అనలేకపోయాడు.

స్వామిదాసు కుడి పక్క చాప ఎత్తి, బ్రేకు ముందు మడమ ఆనే చోట స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో ఒక్కటిచ్చాడు. పిడిదాకా దిగిపోయింది. జనార్దన్ వంగి ఆ బొక్కలోంచి కింది మట్టిని చాలాసేపు చూశాడు.

"గా దినం డ్రైవర్‌కు పదిసార్లు ఫోన్ చేసింది నేనే అన్నా. ఇయ్యాల గూడ సాయంత్రానికే గావాలంటున్న. టమాటకు ట్రాలీ కిరాయికి మాట్లాడుకుంట, నీకెన్ని దినాలు గావాలో తీస్కో."

రుక్మిణమ్మ చాయ గ్లాసు కింద పెట్టి, కట్టు కట్టిన కాలును ఇద్దరి ముందుకీ చాపింది.

"మంచిగున్నది. తొందర వీనిది, రేకు నీది, కాలు నాది. ఇగ కొయ్యి, నేను గీడనే కూసుంట."