ఏవిస్ చేతికొచ్చిన ట్రైలర్

మారీ అనే ఊరు దాటాక తారు అయిపోయి ఎర్రమట్టి మొదలయ్యేసరికి ఏవిస్ ట్రెన్‌గోవ్‌కి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎడారిలో పోయే ఆ ఊడ్నడాటా దారి ఆమెకు కొత్తేమీ కాదు. కాకపోతే ఇన్నేళ్ళూ ఎడమ సీట్లో కూర్చుని టీ పొయ్యడం, గేట్లు తియ్యడం, తిట్లు తినడం తప్ప ఆమెకు వేరే ఉద్యోగమివ్వలేదు భర్త లయల్. ఈసారి అతని కుడి భుజానికి ఆపరేషన్ అయింది. చెయ్యి మెడకు కట్టుకుని ఉంది. స్టీరింగ్ ఆవిడ చేతికొచ్చింది.

వెనక తగిలించిన క్యాంపర్ ట్రైలర్ చూడటానికి చక్రాల మీద పెట్టె, విప్పితే డేరా, పరుపు, వంటబల్ల. ఆ మొగుడూ పెళ్ళాల సెలవులన్నీ అందులోనే గడిచాయి. భుజం మునుపటిలా రాదని డాక్టర్ చెప్పగానే లయల్ దాన్ని తన పాత స్నేహితుడు డెస్ హాక్లీకి అమ్మేస్తానని మాటిచ్చేశాడు. పెళ్ళాన్ని ఒక్క మాట అడగలేదు మహానుభావుడు. డెస్ ఈ దారిలోనే ఉన్న విలియం క్రీక్‌లో ఎదురు చూస్తున్నాడు. అక్కడికి చేరేలోపు తను ట్రైలర్ లాగగలనని ఏవిస్ నిరూపించుకోవాలి. లేదంటే మిగిలిన బతుకంతా కడీనాలో ఇంటి దగ్గర టమాటా మొక్కలకు నీళ్ళు పోసుకుంటూ కూర్చోవాలి. ఆ ఊహకే ఆమెకు ఒళ్ళు మండేది.

"ఊళ్ళో నువ్వు స్కూలు బస్సు నడిపినంత సులువనుకోకమ్మాయ్," అన్నాడు లయల్. "బస్సు ఒకటే ముక్క. దీనికి తోకుంది."

"నీతో కాపరం చేశాను. తోక ఓ లెక్కా?"

మట్టి మీదికి దిగేముందు టైర్లలో గాలి కొంచెం దించాలి, మెత్తబడితేనే అవి కుదుపులు మింగుతాయి. మా వైపు నడవడం వచ్చిన పిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది. "అది మాత్రం నా పని, ఒక్క చెయ్యి చాలు," అని లయల్ దిగాడు. కారు ముందు టైర్లయ్యాయి, వెనక టైర్లయ్యాయి. ఇంతలో ఎవరో జీపు ఆపి, ఎప్పుడూ ఎండిపోయి ఉండే ఐర్ సరస్సులోకి నీళ్ళొచ్చాయట, పెలికన్ పక్షులు దిగాయట అని కబుర్లు మొదలెట్టాడు. ఆ కబుర్లు అయ్యాక లయల్ ఉన్న ఒక్క చెయ్యీ ప్యాంటుకు తుడుచుకుని ఎక్కేశాడు. "ఇక పోనీ."

దారంతా రేకుల కప్పులా ముడతలు. నెమ్మదిగా పోతే పళ్ళు రాలిపోతాయి. ఏవిస్ వేగం పెంచింది. బండి ముడతల మీంచి తేలిపోసాగింది. ఎదురుగా దుమ్ము రేపుకుంటూ లారీ వచ్చింది. డ్రైవరు స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తాడు. ఏవిస్ కూడా వేలెత్తింది. ఈ దారిలో ఆ పలకరింపు డ్రైవర్లది, పక్క సీటువాళ్ళకు అందులో వాటా లేదు. మొదటిసారి అది తనకు దక్కినందుకు ఆమె పైకే నవ్వేసింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అద్దంలో చూస్తే ట్రైలర్ మేకపిల్లలా గెంతుతోంది. లోపల గిన్నెలు డబడబలాడుతున్నాయి.

"నెమ్మది! నెమ్మదంటుంటే!" లయల్ అరిచాడు.

"నెమ్మదిస్తే ఇంకా కొడుతుంది. నువ్వే కదా ఎప్పుడూ అనేవాడివి?"

"నేను నడిపినప్పుడు ఎప్పుడైనా ఇలా గెంతిందా? అందుకే అమ్మేద్దామన్నాను. ఇది నీ వల్ల కాదు ఏవిస్."

ఆ మాట గుండెలో గుచ్చుకుంది. నిజంగానే తన వల్ల కాదేమోనని ఒక్క క్షణం ఆమెకూ అనిపించింది. బండి పక్కకు తీసి దిగింది. కారు టైరును కాలితో తన్నింది, మెత్తగా ఉంది. ట్రైలర్ టైరును తన్నింది. రాయి! బొటనవేలు పట్టుకుని అక్కడే గెంతింది.

"లయల్! దీని గాలి ఎవరు దించుతారు, పెలికన్లా?"

లయల్ వచ్చి చూసి నాలుక కరుచుకున్నాడు. "ఆ జీపోడు వచ్చి... ఛ!" టైరు పక్కన చతికిలబడ్డాడు. ఏవిస్ ఎంత నవ్విందంటే ట్రైలర్ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. లోపల గుడ్లన్నీ పగిలి పరుపు ఆమ్లెట్ అయిపోయినా ఆ నవ్వు ఆగలేదు. గాలి దించాక బండి చెప్పినట్టు విన్నది. అదే ఊపులో విలియం క్రీక్ చేరారు.

అసలు పరీక్ష అక్కడుంది. సాయంత్రాలు క్యాంపులో అందరూ మడత కుర్చీలు వేసుకుని, చేతిలో బీరుతో, కొత్తగా వచ్చినవాళ్ళు ట్రైలర్‌ని వెనక్కి నడిపి ఎలా నిలబెడతారో చూస్తారు. మా జనానికి అంతకంటే మంచి వినోదం లేదు. కాపరాలు కూలేది కూడా అక్కడే. లయల్ వెనక నిలబడి ఒంటి చేత్తో సైగలు మొదలెట్టాడు. "అటు! అటు కాదు, ఇటు!"

"ముసలోడా, నువ్వెళ్ళి కూర్చో. ఆ చెయ్యి చూస్తే నాకు తల తిరుగుతోంది."

అతను మొహం మాడ్చుకుని, అప్పటికే కుర్చీ వేసుకున్న డెస్ పక్కన కూలబడ్డాడు. మొదటిసారి ట్రైలర్ కారుకు అడ్డం తిరిగిపోయింది. కుర్చీల్లో కిసుక్కుమన్నారు.

"వెళ్ళి సాయం చెయ్యరా," అన్నాడు డెస్.

"అక్కర్లేదు," అన్నాడు లయల్. "నోరుమూసుకుని చూడు."

ఏవిస్ ఆ మాట విన్నది. బండి ముందుకు తీసి, ఊపిరి బిగబట్టి, స్టీరింగ్ పిసరంత పిసరంత తిప్పింది. ట్రైలర్ రెండు బండ్ల మధ్యకు నీళ్ళలో పడవలా వెళ్ళి కూర్చుంది. చప్పట్లు మోగాయి. లయల్ లేచి నిలబడ్డ ఊపుకి బీరు ఒలికిపోయింది.

డెస్ ట్రైలర్ చుట్టూ తిరిగి చూశాడు. "బాగుంది లయల్. పొద్దున్నే తగిలించుకుపోతాను."

ఏవిస్ దిగొచ్చి ట్రైలర్ మీద చెయ్యి వేసింది. 

"నాతో చెప్తావేంట్రా?" అన్నాడు లయల్. "లాగేది ఆవిడ. ఆవిణ్ణే అడుగు."

డెస్ ఆమె వైపు తిరిగాడు.

"అమ్మను," అన్నది ఏవిస్.

 లయల్ దగ్గరికొచ్చి, జీవితంలో ఎవర్నీ అడగని మాట అడిగాడు.

"రేపు నన్నెటు తీసుకెళ్తున్నావు?"